బంతుల లెక్క, భుజాల లెక్క: అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో పిచింగ్ కోచ్ కొలువు

2022 జూన్ చివర్లో మిన్నెసోటా ట్విన్స్ తన డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంది. సీజన్ ఇంకా సగానికి కూడా రాలేదు. అలాంటి సమయంలో ఆ జట్టు పిచింగ్ కోచ్, అంటే బంతి వేసే పిచర్లను తీర్చిదిద్దే వెస్ జాన్సన్, అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌ను వదిలేసి ఒక కాలేజీ జట్టులో అదే పనికి వెళ్లిపోయాడు. ఆ కాలేజీ లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అభిమానుల నోట్లో ఎల్‌ఎస్‌యూ. జీతం ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. పై మెట్టు నుంచి కిందికి దిగాడేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాది ఎల్‌ఎస్‌యూ జాతీయ టైటిల్ గెలిచింది. దాని పిచర్ పాల్ స్కీన్స్ ఒక్క సీజన్‌లో 209 స్ట్రయికౌట్లతో (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎల్‌ఎస్‌యూ ఆడే కాలేజీ లీగ్) రికార్డు తిరగరాసి, ఆ జులై డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) అందరికంటే ముందు ఎంపికయ్యాడు. జాన్సన్ జార్జియా యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు.

అంతకుముందు 2018లో ఇదే జాన్సన్ అర్కాన్సా యూనివర్సిటీ నుంచి నేరుగా ట్విన్స్‌కి వెళ్లాడు. కాలేజీ నుంచి ఒక్క గెంతులో మేజర్ లీగ్ పిచింగ్ కోచ్ కావడం అప్పటిదాకా వినని మాట. అయిదేళ్లలో ఒకే మనిషి కాలేజీ, మేజర్ లీగ్, మళ్లీ కాలేజీ, ఆపైన హెడ్ కోచ్ పదవి చూశాడంటే ఈ ఉద్యోగపు విలువ ఎంత మారిందో తెలుస్తుంది. ఆ విలువ ఎక్కడి నుంచి వస్తోందన్నది చూడాలి. బంతి ఎలా వేయాలో నేర్పడం పనిలో ఒక భాగం, అదీ బయటికి బాగా కనిపించే భాగం. కొలువు నిలబడేదీ ఊడేదీ ఎక్కువగా మరోచోట: ఏ చేతిని ఎంచుకున్నాడు, ఆ చేతితో ఎప్పుడు ఎన్ని బంతులు వేయించాడు అన్న లెక్కలో.

క్రికెట్ తెలిసినవాళ్లు బౌలింగ్ కోచ్‌ను ఊహించుకుంటే సగమే అర్థమవుతుంది. బౌలింగ్ కోచ్ సలహా ఇచ్చి బౌండరీ అవతల కూర్చుంటాడు, ఏ బంతి వేయాలన్నది బౌలర్, కెప్టెన్ చూసుకుంటారు. కాలేజీ బేస్‌బాల్‌లో చాలా జట్లకి ఏ బంతి వేయాలో ప్రతిసారీ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి పిచింగ్ కోచే చెబుతాడు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ మణికట్టుకి నంబర్ల పట్టిక ఉన్న బ్యాండ్ ఉంటుంది. కోచ్ మూడంకెల సంఖ్య చెబితే క్యాచర్ పట్టికలో చూసుకుని ఫాస్ట్‌బాల్ (వేగపు బంతి) బయటికా, స్లైడర్ (పక్కకి జారే బంతి) లోపలికా అని పిచర్‌కి సైగ చేస్తాడు. ఇటీవల దాని స్థానంలో ఒకవైపు మాత్రమే మాట వెళ్లే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలొచ్చాయి. 2023 నుంచి బంతికీ బంతికీ మధ్య 20 సెకన్ల గడియారం కచ్చితంగా అమలవుతోంది కాబట్టి తీరిగ్గా ఆలోచించే వీలు లేదు. ఒక మ్యాచ్‌లో 150 బంతులు పడితే 150 నిర్ణయాలు ఈయనవే, కొట్టించుకున్నప్పుడు ప్రెస్ ముందు నిలబడేది మాత్రం హెడ్ కోచ్. పిచర్ తనంతట తాను ఆలోచించడం నేర్చుకోడన్న విమర్శ ఈ పద్ధతి మీద ఎప్పటినుంచో ఉంది, అందులో నిజం లేకపోలేదు. అయినా వారాంతంలో రెండు మ్యాచ్‌లు ఓడితే ప్రశ్నించేది కోచ్‌నే, అందుకే ఆ తాళంచెవి వదులుకోవడానికి ఎవరూ తొందరపడరు.

ఏడాది పని ఆగస్టు చివర్లో మొదలవుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు వేసవి లీగుల నుంచి వస్తారు. కొందరు అప్పటికే 60 ఇన్నింగ్స్ (ఒక్కోదాంట్లో మూడు అవుట్లు, మ్యాచ్‌కి తొమ్మిది) వేసి అలసి ఉంటారు, కొందరు రెండు నెలలుగా బంతే ముట్టరు. ఇద్దరినీ ఒకే షెడ్యూల్‌లో పెడితే అక్టోబరుకల్లా ఒకరికి భుజం నొప్పి ఖాయం. అందుకని మొదటి పని కొలతలు: భుజం ఎంతవరకు తిరుగుతోంది, పట్టు బలం ఎంత, తుంటి కదలిక ఎలా ఉంది. ఆ తర్వాతే బంతి. శరదృతువులో జట్టంతా కలిసి సాధన చేసేందుకు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) నిబంధనలు 45 రోజుల గడువు ఇస్తాయి. ఆ గడువు బయట ఆటగాడి సమయం వారానికి 8 గంటలే, సీజన్‌లో 20. ఇంత తక్కువ సమయంలో ఎవరిలో ఏం మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేల్చుకోవాలి.

ఇప్పుడు ఈ పనికి పరికరాలు చాలా ఉన్నాయి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక ట్రాక్‌మ్యాన్ రాడార్, నేలమీద పెట్టుకునే రాప్సోడో, వేళ్ల చివర బంతి ఎలా విడుదలవుతోందో చూపే ఎడ్జర్‌ట్రానిక్ హైస్పీడ్ కెమెరా. బంతి వేగం, నిమిషానికి ఎన్ని తిప్పలు, ఏ అక్షం మీద తిరుగుతోంది, చేయి నేలకి ఎంత ఎత్తులో విడిచింది అన్నీ అక్కడికక్కడే తెలుస్తాయి. ఫోర్‌సీమ్ ఫాస్ట్‌బాల్, అంటే నేరుగా వచ్చే వేగపు బంతి, మామూలుగా 2,200 నుంచి 2,300 తిప్పలు తిరుగుతుంది. వెనక్కి తిరిగే ఆ స్పిన్ వల్ల, స్పిన్ లేని బంతి పడాల్సిన చోటుకంటే 16 అంగుళాల దాకా తక్కువ కిందికి దిగుతుంది. 19, 20 అంగుళాలు నిలబెట్టగలిగినవాడి బంతి బ్యాటర్ కంటికి పైకి లేచినట్టే ఉంటుంది. 14 దగ్గర ఆగినవాడు అదే వేగంతో వేసినా దెబ్బ తింటాడు. అలాంటివాడికి వేగం పెంచమని చెప్పేకన్నా ఫోర్‌సీమ్ మానిపించి సింకర్ (కిందికి దిగే వేగపు బంతి) పట్టించడం మేలని మంచి కోచ్ పదిహేను బంతుల్లోనే పసిగడతాడు.

కొత్త స్లైడర్ నేర్పే తీరు దగ్గరగా చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. ముందు చేయి వేడెక్కాక ఎనిమిది పది ఫాస్ట్‌బాల్స్ వేయించి ఆరోజు లెక్క రాసుకుంటారు. తర్వాత 45 అడుగుల నుంచి వలలోకి కొత్త పట్టుతో మెల్లగా వేయిస్తారు, అక్కడ వేగంతో పనిలేదు, స్పిన్ అక్షం చూస్తారు. అది కుదిరాక మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) మీద నుంచి పది పన్నెండు బంతులు. ఒకసారికి ఒక్కటే మార్చాలి: వేలు కుట్టు మీద జరపడమో, బొటనవేలు వంచడమో. రెండూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సహజంగా అరచేతిని లోపలికి తిప్పి విడిచే అలవాటున్నవాడికి పక్కకి విస్తారంగా జారే స్వీపర్ తొందరగా వస్తుంది. బయటికి తిప్పేవాడికి అదే బంతి కోసం ఆరు వారాలు పోగొట్టడం దండగ, వాడికి ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించే నెమ్మది బంతి) ఇవ్వాలి.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు ప్రతిచోటా ఒకటే. తెరమీద అంగుళాలు పెరుగుతున్నాయని కుర్రాడు ఇంకా పక్కకి జార్చాలని చేయి కిందికి దించుతాడు. స్లైడర్ అందంగా వస్తుంది. కానీ ఫాస్ట్‌బాల్ విడిచే ఎత్తుకీ దీనికీ మూడు నాలుగంగుళాల తేడా పడుతుంది. మంచి బ్యాటర్లు ఆ తేడాను రెండో ఇన్నింగ్స్‌కల్లా పట్టేస్తారు. అంతకన్నా చెడు ఏమిటంటే, రెండు వారాల్లో ఫాస్ట్‌బాల్ కూడా కింది చేయి నుంచే రావడం మొదలై దాని పట్టు పోతుంది. స్లైడర్ వేయించే ప్రతిరోజూ చివర్లో అయిదు ఫాస్ట్‌బాల్స్ వేయించి విడుదల ఎత్తు పోల్చుకునే కోచ్‌కి ఈ బాధ ఉండదు.

ఫిబ్రవరి మధ్యలో సీజన్ మొదలైతే నేర్పడం వెనక్కి పోయి పంపకం ముందుకొస్తుంది. రెగ్యులర్ సీజన్‌లో 56 మ్యాచ్‌లు. శుక్ర, శని, ఆదివారాల్లో ఒకే ప్రత్యర్థితో మూడు, మంగళవారమో బుధవారమో ఇంకొకటి. నాలుగు మ్యాచ్‌లంటే 36 ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి సగటున 16 బంతులనుకుంటే వారానికి 576 బంతులు. జాబితాలో పదహారు పద్దెనిమిది మంది పిచర్లున్నా స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు కోచ్ నమ్మేది ఎనిమిది తొమ్మిది మందినే. ఆ 576 ఆ తొమ్మిది చేతుల్లో ఎలా సర్దాలన్నదే అసలు పరీక్ష.

శుక్రవారం పిచర్ జట్టులో మేటి. వాడు 95 బంతులు వేశాడనుకుంటే శనివారం చెమట పట్టేంత పరుగు, కీళ్ల కదలిక, కాస్త మెత్తటి క్యాచ్. ఆదివారం 90 అడుగుల దూరం దాకా తేలిగ్గా విసరడం. సోమవారం దూరపు విసుర్లు. మంగళవారం బుల్‌పెన్‌లో (పిచర్లు వేడెక్కే చోట) 25, 30 బంతుల సాధన, అందులో గత శుక్రవారం చెడిన బంతి మీదే సగం. బుధ, గురువారాల్లో తగ్గించుకుంటూ వచ్చి మళ్లీ శుక్రవారం. మేజర్ లీగ్‌లో అయిదారు రోజులకోసారి వేసే స్టార్టర్‌కి (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌కి) ఇంత ఖాళీ దొరకదు. కాలేజీలో ఏడు రోజుల చక్రం ఉండటం పిచర్‌కి వరం. అయితే ఆ వరాన్ని చూసుకునే కోచ్‌లు శుక్రవారం 115, 120 బంతుల దాకా వెళ్తుంటారు.

రిలీవర్ల (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల) కథ ఇంకా చిక్కు, అక్కడ పొరపాటు స్కోరుబోర్డులో కనపడదు. ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్ మీదికి చేరగానే కోచ్ ఫోన్ ఎత్తి ఒకణ్ని వేడెక్కమంటాడు. వాడు బుల్‌పెన్‌లో 20 బంతులు గట్టిగా వేస్తాడు. ఈలోపు డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) పడి ఇన్నింగ్స్ ముగుస్తుంది, వాడు కూర్చుంటాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ లేపుతారు, ఇంకో 15. మ్యాచ్ ముగుస్తుంది, వాడు బరిలోకి దిగనేలేదు. రికార్డులో సున్నా. చేతికి మాత్రం 35 పడ్డాయి. మరునాడు "తాజాగా ఉన్నాడు" అని రెండు ఇన్నింగ్స్ వేయిస్తే వేగం గంటకి మూడు మైళ్లు పడిపోతుంది, ఎందుకో కోచ్‌కి అర్థం కాదు. బుల్‌పెన్‌లో వేసిన ప్రతి బంతినీ రాయడానికి ఒక విద్యార్థిని కూర్చోబెట్టడం ఖర్చులేని పని. చేయని జట్లు ఇప్పటికీ ఉన్నాయి.

డివిజన్ 1లో ఒక పిచర్ ఎన్ని బంతులు వేయొచ్చన్నదానికి నిబంధన ఏదీ లేదు. హైస్కూళ్లకి ఉంది, కాలేజీకి లేదు. మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి తయారుచేసిన పిచ్ స్మార్ట్ సూచనలు 19 నుంచి 22 ఏళ్లవాళ్లకి రోజుకి 120 దాటొద్దంటాయి. 31 నుంచి 45 వేస్తే ఒకరోజు, 81 నుంచి 105 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఇవి సూచనలే, ఎవరినీ కట్టడి చేయవు. దీని పర్యవసానం మే చివర్లోనో జూన్ మొదట్లోనో మొదలయ్యే రీజనల్స్‌లో (జాతీయ టైటిల్ పోటీ మొదటి రౌండ్‌లో) కనిపిస్తుంది. నాలుగేసి జట్లు, రెండు ఓటములకి ఇంటిదారి. మొదటి మ్యాచ్ ఓడిన జట్టు గెలవాలంటే నాలుగు రోజుల్లో అయిదు ఆడాలి. 2009లో టెక్సాస్, బోస్టన్ కాలేజీ మధ్య 25 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌లో టెక్సాస్ రిలీవర్ ఆస్టిన్ వుడ్ 13 ఇన్నింగ్స్‌లో 169 బంతులు వేశాడు. ముందురోజు కూడా వేసినవాడే. ఆరోజు వీరగాథగా రాశారు. ఇవాళ అదే జరిగితే కోచ్‌ని ఉతికి ఆరేస్తారు.

కుమార్ రాకర్ ఉదాహరణ అంత తేలిగ్గా తేలదు. తల్లి లలిత వైపు నుంచి భారత సంతతివాడైన ఈ కుర్రాడు 2019 జూన్ 8న, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదిలోనే, డ్యూక్ యూనివర్సిటీ మీద సూపర్ రీజనల్‌లో (రీజనల్స్ తర్వాతి రౌండ్‌లో) నోహిటర్ వేశాడు, అంటే ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ముందురోజు జట్టు 18–5తో ఓడింది, ఈ మ్యాచ్ పోతే సీజన్ ముగిసినట్టే. 131 బంతులు, 19 స్ట్రయికౌట్లు, ఎక్కువగా స్లైడర్ మీద. ఆ స్థితిలో వందో బంతి దగ్గర అతణ్ని దించే కోచ్ ఎవరూ ఉండరు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతణ్ని పదో స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. మరుసటి ఏడాది టెక్సాస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ 131 బంతులకీ నాలుగేళ్ల తర్వాతి శస్త్రచికిత్సకీ ముడివేయడం సరికాదు, మధ్యలో వేల బంతులున్నాయి. కానీ ఏ ఒక్క బంతి మీదా నేరం మోపలేకపోవడమే ఈ వృత్తిలో బాధ్యతను మసకగా ఉంచుతోంది.

1974లో వైద్యుడు ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కి చేసిన ఆ శస్త్రచికిత్సలో మోచేతి లోపలివైపు చిట్లిన స్నాయువు స్థానంలో వేరే చోటి స్నాయువు అమరుస్తారు. కోలుకోవడానికి 12 నుంచి 18 నెలలు. ప్రతి గట్టి బంతికీ మోచేతి మీద పడే మెలితిప్పు బలం దాదాపు 64 న్యూటన్ మీటర్లని అలబామాలోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 1990ల్లోనే కొలిచారు. ఆ స్నాయువు ఒక్కటే భరించలేని బరువు అది, చుట్టూ ఉన్న కండరాలు పంచుకోవాలి. కండరం అలసినప్పుడు పంపకం తప్పుతుంది. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ విడుదల చేసిన నివేదిక కూడా వేగం వెంట పరుగు, బంతి మెలికల మీద మోజు, ప్రతి బంతికీ పూర్తి శక్తి పెట్టడం గాయాలకి కారణాలుగా చూపింది. ఆ మూడింటినీ పెంచినందుకే కోచ్‌కి పేరు, జీతం వస్తున్నాయి మరి.

ఇంతకీ ఈ కుర్చీలోకి ఎలా వస్తారు? దాదాపు అందరూ మాజీ పిచర్లు, కొందరు క్యాచర్లు. ఆట ఆగిపోయాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతారు: మాస్టర్స్ ఫీజు మాఫీ, చేతికి కొద్దిపాటి స్టైపెండ్. తర్వాత జూనియర్ కాలేజీ, డివిజన్ 2, డివిజన్ 3. అక్కడ పిచింగ్ కోచ్ అంటే గడ్డి కోయాలి, వర్షం పడితే మౌండ్ మీద టార్పాలిన్ కప్పాలి, జట్టు వ్యాను నడపాలి. వేసవిలో మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లాంటి లీగులో కోచింగ్ దొరికితే అదృష్టం, అక్కడ దేశంలోని మంచి చేతులు కనపడతాయి, వాటి కోచ్‌ల నంబర్లు దొరుకుతాయి. ప్రతి జనవరి మొదట్లో అమెరికన్ బేస్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సదస్సు జరుగుతుంది. వేదిక మీద పాఠాలు నడుస్తుంటే హోటల్ లాబీల్లో ఉద్యోగాలు మాట్లాడుకుంటారు.

2023 జులై 1 దాకా డివిజన్ 1 జట్టులో హెడ్ కోచ్ కాక జీతమున్న అసిస్టెంట్లు ఇద్దరే. మూడోవాడు పేరుకి వాలంటీర్, పని మాత్రం పూర్తి స్థాయి. స్కూలు పిల్లల శిబిరాలు నడుపుకుని బతకాలి. ఆ పద్ధతి ఎత్తేశారు, పాత వాలంటీర్లు కోర్టుకి కూడా వెళ్లారు. మూడో కుర్చీకీ జీతం రావడంతో ముప్పయ్యేళ్ల లోపు పెళ్లయిన మనిషి ఈ వృత్తిలో నిలబడే అవకాశం కాస్త పెరిగింది. అయినా ఒప్పందాలు చాలాచోట్ల ఏడాదివే. హెడ్ కోచ్ పోతే వెనకే అసిస్టెంట్లంతా పోతారు, సొంత పిచర్లు ఎంత బాగా వేసినా సరే. జూన్ నెలంతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

పేరు తెచ్చే పని చివరికి ఎంపికే. హైస్కూలు పిల్లలతో జూనియర్ ఏడాదికి (11వ తరగతికి) ముందటి ఆగస్టు 1 దాకా మాట్లాడకూడదన్నది 2023 నుంచి నియమం. ఒప్పుకున్న కుర్రాడు కూడా జులై డ్రాఫ్ట్‌లో డబ్బు ఎక్కువొస్తే ప్రొఫెషనల్‌గా వెళ్లిపోతాడు. వెళ్లకుండా చేరితే మూడో ఏడాది తర్వాత, లేదా 21 ఏళ్లొచ్చాక మళ్లీ డ్రాఫ్ట్. పైగా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఆటగాడు కాలేజీ మారే దారి. చిన్న కాలేజీలో 88 మైళ్ల చేతిని 94కి తెచ్చిన కోచ్ దగ్గర ఆ చేయి రెండో ఏడాది ఉండదు, పెద్ద కాన్ఫరెన్స్ జట్టు ఎత్తుకుపోతుంది. స్కీన్స్ కూడా ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి ఎల్‌ఎస్‌యూకి వచ్చినవాడే. స్కాలర్‌షిప్పుల లెక్కా మారింది. ఒకప్పుడు జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులు, వాటిని 27 మంది దాకా పంచుకునేవారు. 2025–26 నుంచి కొత్త ఏర్పాటులో చేరిన జట్లలో 34 మందే, కాలేజీ భరించగలిగితే అందరికీ పూర్తిగా. నెమ్మదిగా ఎదిగే చేతిని మూడేళ్లు పెట్టుకుని చూసే ఓపిక 34 మంది జాబితాలో పట్టదు. పెద్ద జట్టు పిచింగ్ కోచ్ ఇప్పుడు సగం పెంపకందారు, సగం కొనుగోలుదారు.

అక్కడి నుంచి దారులు రెండు. ఒకటి హెడ్ కోచ్: క్లెమ్సన్ పిచింగ్ కోచ్‌గా ఉన్న కెవిన్ ఓసల్లివాన్ ఫ్లోరిడాకి వెళ్లి 2017లో టైటిల్ గెలిచాడు. ఆస్టిన్ వుడ్ నాటి టెక్సాస్ పిచింగ్ కోచ్ స్కిప్ జాన్సన్ తర్వాత ఒక్లహామాకి హెడ్ కోచ్ అయ్యాడు. రెండోది ప్రొఫెషనల్ బేస్‌బాల్: వాండర్‌బిల్ట్‌లో డేవిడ్ ప్రైస్, సోనీ గ్రేలను తీర్చిదిద్దిన డెరెక్ జాన్సన్ బ్రూవర్స్, రెడ్స్ జట్లకి వెళ్లాడు. మిషిగన్ నుంచి క్రిస్ ఫెటర్ డెట్రాయిట్ టైగర్స్‌కి వెళ్లాడు. అక్కడ 162 మ్యాచ్‌ల అలసట ఉంది కానీ, పదహారేళ్ల పిల్లాడి తల్లిదండ్రులకి రాత్రి పదింటికి ఫోన్ చేసే పని లేదు.

ఇప్పుడు డాలస్‌లోనో అట్లాంటాలోనో కొడుకు చేతిని చూసి కాలేజీ వెతుకుతున్న తెలుగు తల్లిదండ్రులు కొద్దిమందైనా ఉన్నారు. కోచ్ చూపించే వీడియోలకంటే ఆ జట్టు సైటులో ఉచితంగా దొరికే బాక్స్ స్కోర్లు ఎక్కువ చెబుతాయి. ప్రతి పిచర్ పేరు పక్కన వేసిన బంతుల సంఖ్య సాధారణంగా ఉంటుంది. ఏప్రిల్‌లో ఒక నాలుగు వారాంతాలు తీసుకుని, శుక్రవారం 30 దాటిన రిలీవర్ ఆదివారం మళ్లీ ఎన్నిసార్లు కనిపించాడో రాసుకోవాలి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని వాక్‌లు (నాలుగు గురితప్పిన బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇస్తున్నారో మూడేళ్లు వరుసగా చూడాలి. ముందటేడాది మొదటి సంవత్సరంలో ఉన్న పిచర్లలో ఎంతమంది ఈ ఏడాది జాబితాలో ఉన్నారో, లేనివాళ్లు ఎక్కడికి పోయారో వెతకాలి. ఆ తర్వాత కోచ్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బుల్‌పెన్‌లో వేసిన బంతులు ఎవరు రాస్తారు?